కాలు తాకితే కళ్ళకద్దుకునే ఛాంపియన్

నేను జాతీయ కరాటే పోటీల్లో వెండి పతకం గెలిచినవాణ్ణి. శంషాబాద్‌లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే నేను చెప్పనివాళ్ళు లేరు. అడిగినవాళ్ళకు ఒకసారి చెప్పాను, అడగనివాళ్ళకు రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు కరాటే క్లాసు పెట్టుకుందామని తిరుగుతున్న చిన్నవాళ్ళ కోసం రాస్తున్నాను కాబట్టి మిగతా సగం కూడా చెప్పక తప్పదు. ఆ రోజు నా బరువు విభాగంలో ఇద్దరమే ఉన్నాం. రెండో మనిషి గెలిచాడు. ఆయనకు బంగారం, నాకు వెండి. ఇంకొకడెవడైనా వచ్చి ఉంటే నాకు కంచు వచ్చి ఉండేది. 'జాతీయ' అన్న మాట బ్యానర్ మీద ఉంది. వచ్చినవాళ్ళు మా జిల్లావాళ్ళు, పక్క జిల్లావాళ్ళు, రాష్ట్రం దాటి బీదర్ నుంచి చుట్టాల పెళ్ళికి వచ్చి ఆగిపోయిన ఒకాయన. ఆ బీదర్ ఆయన వల్లే అవి జాతీయ పోటీలయ్యాయి. నన్ను ఓడించింది కూడా ఆయనే.

ఛాంపియన్ అంటే బయటివాళ్ళకు కప్పు ఎత్తిపట్టుకున్న ఫొటో. మాకు మాత్రం చెమట వాసన, గోళ్ళు కత్తిరించుకోండని రోజూ అరవడం, వాచిన మడమకు ఐసు, ఓడిపోయిన పిల్ల బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంటే ఏం మాట్లాడాలో తెలియకపోవడం. ఆ ఫొటోకు ముందు జరిగేదే ఉద్యోగం. దాని గురించే చెబుతాను.

బోర్డు

చాలా ఏళ్ళు కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేస్తూ సాయంత్రాలు కరాటే నేర్పేవాణ్ణి. 2008లో విమానాశ్రయం మొదలైంది. నేను ఫ్యాక్టరీ మానేసి, తొండుపల్లి పోయే దారిలో ఒక రేకుల గోదాము కిరాయికి తీసుకున్నాను. నా ఆలోచన ఏమిటంటే, విమానాలు వస్తే ఎయిర్ హోస్టెస్‌లు వస్తారు, పైలట్లు వస్తారు, వాళ్ళకు ఖాళీ దొరికితే ఆత్మరక్షణ నేర్చుకోక ఏం చేస్తారు?

బోర్డు మీద 'ఇంటర్నేషనల్ కరాటే అకాడమీ, ఇచ్చట ఛాంపియన్లు తయారు చేయబడును' అని రాయమన్నాను. పెయింటర్ కుంచె ఆపి, ఇంటర్నేషనల్ ఎట్లయితది సార్ అన్నాడు. తల ఎత్తి చూడమన్నాను. అప్పుడే ఒక విమానం మా రేకులు వణికించుకుంటూ దుబాయ్ వైపు పోతోంది. అతను కుంచె మళ్ళీ రంగులో ముంచాడు.

ఎయిర్ హోస్టెస్ ఒక్కరు కూడా రాలేదు. అబద్ధం ఎందుకు, ఒకామె వచ్చింది. దారి తప్పి, రోడ్డు అడగడానికి. వచ్చిందంతా క్యాబ్ డ్రైవర్ల పిల్లలు, పాలవాళ్ళ పిల్లలు, కూరగాయలు పండించే ఇళ్ళ పిల్లలు. విమానం మీదుగా పోయినప్పుడల్లా నా కేక నాకే వినపడేది కాదు. అందుకని నోటితో కాకుండా చేతి సైగతో నేర్పడం మొదలుపెట్టాను. తర్వాత అది మా అకాడమీ ప్రత్యేక పద్ధతి అని అందరికీ చెప్పుకున్నాను. మీరూ చెప్పుకోండి. ఉన్న లోటుకు పద్ధతి అని పేరు పెట్టడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

ట్యాంకర్ తలుపు

మమతను వాళ్ళ నాయన యాదయ్య తీసుకొచ్చాడు. తొండుపల్లి మనిషి. విమానాశ్రయం చుట్టూ లేచిన హోటళ్ళకు, అపార్ట్‌మెంట్లకు నీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. పిల్ల అప్పుడు ఎనిమిదో తరగతి. లోపలికి వస్తూనే అన్నాడు:

"సార్, ఈ పిల్ల బళ్ళె పోరగాళ్ళను కొడుతున్నదని ఎడ్మాస్టరు రోజు పిలుస్తుండు. నా ట్రిప్పులు పోతున్నయి. కొట్టుడే పనైతె ఏదో ఒక దిక్కు పెట్టి కొట్టియ్యిర్రి."

దూలానికి వేలాడదీసిన తోలు సంచి మీద ఒక కిక్ కొట్టమన్నాను. కొత్తగా వచ్చిన పిల్లలు సంచిని తన్నరు, నిమురుతారు. ఈ పిల్ల పక్కకు తిరిగి, నడుము తిప్పి, మడమతో ఒక్కటిచ్చింది. సంచి లేచి రేకుకు తగిలింది. పైన పావురాలు లేచిపోయాయి. ఎవరు నేర్పారు అని అడిగాను. మా నాయిన ట్యాంకర్ తలుపు సార్ అంది. ఆ బండి ఎడమ తలుపు ఎప్పుడో గుద్దుకుని వంగిపోయిందట. చేత్తో తోస్తే పడదు. పక్కకు నిలబడి మడమతో తంతేనే గొళ్ళెం పడుతుంది. బడికి దించిన ప్రతి రోజూ ఆ తలుపు వేసే పని ఈమెది. నేను ఏళ్ళ తరబడి ఎంతోమందికి నేర్పలేకపోయిన సైడ్ కిక్ ఒక తుప్పుపట్టిన తలుపు నేర్పేసింది.

కొత్త మాస్టర్లకు ఒక మాట. ఛాంపియన్‌ను మనం తయారు చేయం, బోర్డు మీద ఏమి రాసుకున్నా సరే. దొరికినప్పుడు పాడు చేయకుండా ఉంటే చాలు. నేను దాదాపు పాడు చేశాను.

కాలు గెలిచింది, చెయ్యి ఓడించింది

మొదటి పోటీ కాటేదాన్‌లో ఒక స్కూలు హాల్లో. మొదటి నిమిషంలోనే మమత కిక్ ఎదుటి అమ్మాయి డొక్కకు శుభ్రంగా తగిలింది. కరాటే పోటీలో విరగ్గొట్టకూడదు, తగిలీ తగలనట్టు తగిలి ఆగాలి. అచ్చం అలాగే ఆగింది. నేను చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తాను. అంతలో మమత వంగి, ఆ అమ్మాయి మోచేతిని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

ఎదుటి పిల్ల అప్పటికే భయపడి ఉంది. ముందుకు వంగిన తల కనిపించగానే దాని మీద ఒక గుద్దు గుద్దింది. పాయింటు ఆ పిల్లకు పోయింది. మమత కిక్‌కు రిఫరీల జెండా ఒక్కటీ లేవలేదు. ఆ ఆటలో మళ్ళీ తన్నింది, మళ్ళీ వంగింది, మళ్ళీ గుద్దు తింది. ఓడిపోయింది.

చీఫ్ రిఫరీ సత్యమూర్తి గారిది కాకినాడ. బ్యాంకులో ఆఫీసరుగా చేసి వచ్చిన మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చునేవారు, నియమాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. నేను ఆయన మీదికి పోయాను. దెబ్బ తగిలింది కదా, జెండా ఎందుకు లేవలేదని. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని చెప్పారు:

"మాస్టారూ, మీ అమ్మాయి కాలితో గెలుచుకున్నది చేత్తో పారేసుకుంటోందండీ. దెబ్బ వేశాక కూడా కన్ను ఎదుటి మనిషి మీదే ఉండాలి. జాన్షిన్ అంటారు దాన్ని. అది లేకపోతే మేము ఆ దెబ్బను లెక్కలోకి తీసుకోం."

ఆమె తప్పుకు మొక్కింది సార్ అన్నాను. మొక్కుకోనివ్వండి, ఆట అయ్యాక మొక్కుకోనివ్వండి అన్నారు. జపానువాళ్ళు కూడా వంగుతారు కదా అని వాదించాను. వాళ్ళు కొట్టకముందు వంగుతారండీ, కొట్టాక కాదు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం మింగిన మనిషి అని అందరికీ టీలు తాగించి మరీ తిట్టాను. పై అధికారి చెప్పింది నిజమైనప్పుడు మనకు ఎక్కువ కోపం వస్తుంది. ఇది గుర్తుపెట్టుకుంటే మీకు చాలా టీ ఖర్చు మిగులుతుంది.

వచ్చేటప్పుడు బస్సులో మమతను అడిగాను.

"ఎందుకు మొక్కినవమ్మా?"

"కాలు తాకింది గద సార్."

"తాకాలనే గద తన్నినవ్?"

"తన్నింది ఆటకు సార్. మొక్కింది తప్పుకు."

"మరి గుద్దినప్పుడు మొక్కలే?"

ఆమె నా వైపు ఇంత తెలివి తక్కువ మాస్టరు దొరికాడేమిటి అన్నట్టు చూసింది. "చెయ్యి తాకితె తప్పేముంది సార్?"

మాది ఆదివారం చర్చికి పోయే కుటుంబం. అయినా పుస్తకానికి కాలు తగిలితే మా అమ్మ మా చేత కళ్ళకద్దించేది. బైబిలుకే కాదు, లెక్కల పుస్తకానికి కూడా.

వైద్యాలు

ఆ తర్వాత ఏడాదికి పైగా నేను చేసిన పని కరాటే నేర్పడం కాదు, ఆ చేతిని ఆపడం.

మొదట తిట్టి చూశాను. తల ఊపేది. కాలు తాకగానే చెయ్యి దానంతట అదే పోయేది. కిక్‌లు మానేసి గుద్దులతోనే ఆడమన్నాను. అది ట్రాక్టరుకు ఇంజను తీసేసి తోసుకుంటూ పొమ్మన్నట్టయింది. ఆ పోటీలో మొదటి ఆటలోనే బయటికి వచ్చింది.

తర్వాత, మనిషిని కాకపోతే సంచిని తన్నీ తన్నీ ఆ భావం పోగొట్టాలనుకున్నాను. మొదటి రోజు కొట్టిన పాత తోలు సంచి అప్పటికి చినిగిపోయింది. పెద్ద బియ్యం బస్తా ఒకటి తెచ్చి, ఇసుక, రంపపు పొట్టు నింపి వేలాడదీశాను. మమత ఒక కిక్ కొట్టి, బస్తాను తాకి కళ్ళకద్దుకుంది. ఇదేంది, బస్తాకు కూడానా అన్నాను.

"బియ్యం బస్త సార్ ఇది. అన్నం."

"లోపల ఇసుక పోసినమ్మా."

"బయట లక్ష్మీదేవి ఉంది సార్."

చూస్తే నిజమే. కంపెనీవాళ్ళు బస్తా మీద తామరపువ్వులో కూర్చున్న అమ్మవారిని అచ్చేశారు. నేను నిచ్చెన ఎక్కి బస్తాను తిప్పి కట్టాను. అటు వైపు కూడా అమ్మవారే. అప్పటిదాకా మిగతా పిల్లలు గమనించకుండా తన్నుతున్నారు. ఆ రోజు నుంచి వాళ్ళు కూడా తన్ని మొక్కడం మొదలుపెట్టారు. ఒక రోగికి మందు వేయబోయి క్లాసుకంతా అంటించాను.

చివరికి నన్నే తన్నమన్నాను. గురువును తన్నగలిగితే ఇక ఎవరినైనా తన్నగలదు అన్నది నా సిద్ధాంతం. ఆమె ముందుగానే నా కాళ్ళకు దండం పెట్టింది. తర్వాత తన్నింది. మళ్ళీ నా కాళ్ళ మీదికి వంగింది. వంగిన తల చూడగానే నా చెయ్యి దీవించడానికి లేచింది. ఒక కిక్, ఒక దండం, ఒక దీవెన. చూసేవాళ్ళకు పెళ్ళి జరుగుతున్నట్టుండేది. నేను కొండలా కదలకుండా నిలబడి ఆ దెబ్బలు కాచుకున్నానని తర్వాత చాలా చోట్ల చెప్పాను. దీవించడానికి చెయ్యి లేపినప్పుడు డొక్క ఖాళీగా ఉంటుంది. మూడో రోజు దవాఖానలో డొక్కకు పట్టీ వేశారు. ఏం తగిలిందని డాక్టరు అడిగితే, శిష్యురాలి భక్తి అన్నాను.

చేతులు వెనక్కి పెట్టి బెల్టుతో కట్టి కూడా చూశాను. తన్నింది. వంగి నుదుటితో తాకింది.

మైసమ్మ మలుపు

మూడో పోటీ కూడా పోయాక యాదయ్య ఒకరోజు ట్యాంకర్ గోదాము ముందు ఆపి, కాటేదాన్ దాకా పోతున్న, రార్రి సార్ మాట్లాడేదుంది అన్నాడు. ఎక్కాను. ఆ ఎడమ తలుపు వేయడం నాకు చేతకాలేదు. ఆయనే దిగి వచ్చి తన్నాడు. పోతూ పోతూ మొదలుపెట్టాడు.

"కోపానికి రావద్దు సార్. పిల్ల పోతది, తన్నులు తింటది, వస్తది. ఊర్లె నవ్వుతున్నరు, యాదయ్య బిడ్డ మొక్కుడు పోటీలకు పోతున్నదని. మా అక్కకు శంషాబాద్‌ల టైలరింగ్ దుకాణం ఉంది. పదోది కాంగనే సాయంత్రాలు ఆడ కూసుంటది. చలికాలంల రాష్ట్రం పోటీ ఉందంటున్నరు గద. అండ్ల కప్పు తెస్తె ఇగ నేను అడ్డం రాను, ఎన్నేండ్లయినా ఆడనియ్యిర్రి. తేకపోతె ఇదే ఆఖరు."

అంతకు ముందు రోజే మమత ఈ సంగతి తన తీరులో చెప్పింది. "ఆ మిషను కూడా కాలుతోనే తొక్కాలె సార్. గా కాలును ఈడనే ఉండనియ్యిర్రి," అంది. ఏడవలేదు, బతిమాలలేదు. మడమకు గుడ్డ చుట్టుకుంటూ అంది, అంతే. బోర్డు పెట్టినప్పటి నుంచి నేను తయారు చేసిన ఛాంపియన్లు సున్న. రాబోయే ఒక్కతీ కుట్టు మిషను వైపు పోతోంది.

ఇంకో ఏడాది ఆగమని యాదయ్యను అడగబోయాను. రోడ్డు మలుపులో మైసమ్మ గుడి వచ్చింది. బండి జోరు మీదుంది. ముందు ఒక క్యాబ్ సిగ్నలు లేకుండా అడ్డం తిరిగింది. యాదయ్య కుడి చెయ్యి స్టీరింగ్ మీద నుంచి లేచి గుండెకు తాకి, పెదవులకు తాకి, మళ్ళీ స్టీరింగ్ మీద పడింది. ఆ చెయ్యి పైన ఉండగానే ఎడమ చేత్తో క్యాబ్‌ను తప్పించేశాడు. చూపు రోడ్డు మీద నుంచి వెంట్రుక వాసి కదలలేదు.

"గుడి దిక్కు చూడకుంటనే మొక్కితివి గద యాదయ్యా," అన్నాను.

"చూస్కుంట మొక్కితె ఎనక లారీ మనల్ని అమ్మవారి కాడికే పంపుతది సార్," అన్నాడు. "మొక్కు చెయ్యిది. చూపు రోడ్డుది."

నన్ను అక్కడే దించెయ్యమన్నాను. ఇంకా కాటేదాన్ రాలేదు సార్ అన్నాడు. అక్కర్లేదు అన్నాను. వెనక్కి నడుచుకుంటూ వచ్చేశాను. దారిలో ఆటో ఎక్కాననేది నిజమే కానీ కొంత దూరం నడిచాను.

సత్యమూర్తి గారు చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. పుస్తకంలో మొక్కకూడదని లేదు. కన్ను దించకూడదని ఉంది. ఏడాదికి పైగా నేను తప్పు చోట పట్టుకుని గుంజుతున్నాను. చెయ్యికి కాదు వైద్యం, కంటికి.

ఆ సాయంత్రమే మమతతో అన్నాను: "చెయ్యి నీ ఇష్టం తల్లీ. ఎంత కావాలంటే అంత మొక్కు. కన్ను మాత్రం నాది. నా ముక్కు మీద నుంచి తీస్తే ఊరుకోను." ఆమె ముఖం విప్పారింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇన్నాళ్ళూ నేను ఆ పిల్లను మర్యాద మానమంటున్నానని, ఆమె కరాటే కోసం అది కూడా మానడానికి ప్రయత్నించి, చేతకాక లోపల్లోపల కుమిలిందని.

చలికాలం దాకా అదే పని. తన్నడం, వంగడం, తాకడం, కళ్ళకద్దుకోవడం, చూపు మాత్రం పైకి. చూపు జారితే 'చూపు రోడ్డు మీద' అంటూ నా అరచెయ్యి తల మీద పడేది. మొదట్లో రోజూ పడింది. తర్వాత నేను చెయ్యి విసిరేలోపు తల అక్కడ ఉండేది కాదు. వంగే మనిషి కన్ను తెరుచుకుని వంగితే, అది తప్పించుకోవడం కూడా అవుతుంది. ఈ సంగతి నేను ముందే ఊహించానని అప్పట్లో చెప్పాను. ఊహించలేదు.

ఫైనల్

రాష్ట్ర పోటీలు నగరంలో ఒక ఇండోర్ స్టేడియంలో. యాదయ్య మొదటిసారి చూడ్డానికి వచ్చాడు. ట్యాంకర్ గేటు ముందు ఆపొద్దన్నారని సగం మనసు బయట, సగం లోపల పెట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాడు.

సెమీఫైనల్లో రావిర్యాల అమ్మాయి ఎదురుపడింది. ఇద్దరూ ఒకేసారి తన్నారు. కాలుకు కాలు తగిలింది. ఇద్దరూ ఒకేసారి వంగారు. రెండు తలలు ఠక్కున కొట్టుకున్నాయి. హాలంతా నవ్వు. రిఫరీ ఆట ఆపి సత్యమూర్తి గారి వైపు చూశాడు. ఆయన పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగేసి, మూసేసి, ఆడించండి అన్నట్టు చెయ్యి ఊపారు. నుదుటి మీద బొప్పితో మమత ఒక గుద్దు తేడాతో గెలిచింది.

ఫైనల్లో పెద్ద స్కూలు అమ్మాయి. పొడగరి. వాళ్ళ కోచ్‌కు టై కూడా ఉంది. ఆ అమ్మాయి కాలు మమతకు తగిలితే తగిలింది, అంతే. వెనక్కి చూసేది కాదు. ఆట చివరికి వచ్చింది. పాయింట్లు సమానం. ఇంకో పాయింటు ఎవరికి పడితే వాళ్ళదే కప్పు.

మమత పక్కకు తిరిగింది. ట్యాంకర్ తలుపు వేసింది.

ఆ క్షణంలో నేను 'చూపు' అని సైగ చేశాననీ, ఆ సైగ వల్లే గెలిచిందనీ మా క్లాసు పాంప్లెట్లో రాసి ఉంటుంది. నిజానికి నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. మా దేవుణ్ణి అడిగాను. చాలదేమోనని మైసమ్మను కూడా అడిగాను. మా పాస్టర్ గారు ఇలాంటివి చదవరని ధైర్యం. కాబట్టి ఇక్కడి నుంచి, తర్వాత ఎవరో ఫోన్లో తీసింది చూసి రాస్తున్నాను.

కిక్ డొక్కకు తగిలి ఆగింది. మమత వంగింది. చెయ్యి ఆ అమ్మాయి మోచేతిని తాకి కళ్ళ మీదికి వచ్చింది. కళ్ళు మాత్రం ఆ వేళ్ళ మీదుగా ఎదుటి ముఖాన్నే చూస్తున్నాయి. పొడగరి అమ్మాయి గుద్దింది. ఆ గుద్దు మమత తల ఉండాల్సిన చోట గాలిలోంచి పోయింది. జెండాలు మమత వైపు లేచాయి.

టై కోచ్ పరిగెత్తుకొచ్చాడు. చేత్తో పట్టుకుంది, పట్టుకోవడం తప్పు, పాయింటు చెల్లదు అని. రిఫరీలందరూ ఒకచోట చేరారు. నేను యాదయ్య వైపు చూశాను. ఆయన ట్యాంకర్ తాళాలు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. సత్యమూర్తి గారు లేచి మమతను దగ్గరికి పిలిచారు. మా ఇద్దరి పాత గొడవ ఆయన మరిచిపోయి ఉండరు.

"ఎందుకు ముట్టుకున్నావమ్మా?"

"కాలు తాకింది సార్."

"అప్పుడు నీ కళ్ళు ఎక్కడున్నాయి?"

"ఆమె కండ్ల మీదనే సార్."

ఆయన ఆ పొడగరి అమ్మాయి వైపు తిరిగారు. నిన్ను పట్టుకుందా అని అడిగారు. ఆ అమ్మాయి వాళ్ళ కోచ్‌ను చూసింది, మమతను చూసింది. "పట్టుకోలేదు సార్. మొక్కింది," అని, కొంచెం ఆగి, "నా కాలు కూడా తగిలింది. నేను కూడా మొక్కాలా సార్?" అంది.

"ఆట అయ్యాక మొక్కుదువు గాని, తల్లీ," అన్నారు సత్యమూర్తి గారు. తర్వాత కోచ్‌తో అన్నారు: "పట్టుకోవడం తప్పని రాశారండీ. క్షమాపణ తప్పని ఎక్కడా రాయలేదు. చూపు చెదరలేదు. పాయింటు ఉంది."

యాదయ్య కప్పును రెండు చేతులతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది ఇంట్లో ఎక్కడ పెట్టాలి, మాకు అల్మారా లేదు కదా సార్ అని అడిగాడు. మీ అక్కకు ఏం చెప్తవ్ అన్నాను. "మిషను మీద బట్టలు ఆరేసుకోమంట," అన్నాడు. అప్పటిదాకా కదలకుండా నిలబడ్డ మమత ఆ మాటకు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ముక్కు తుడుచుకుంది.

జపాన్ ముసలాయన

మరునాడు జిల్లా పేపరు విలేకరి వస్తే, ఈ విద్య నాకు ఒక వృద్ధ జపాన్ గురువు కొండల్లో నేర్పాడని చెప్పాను. మంచు కూడా కురిపించాను. అచ్చేశారు. వారం తిరక్కుండా మూడు నాలుగు క్లాసుల పిల్లలు తన్ని వంగడం మొదలుపెట్టి, కింద చూస్తూ వంగి, వరసగా గుద్దులు తిన్నారు. వాళ్ళ మాస్టర్లు నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

సత్యమూర్తి గారు ఫోన్ చేశారు. ఆ జపాన్ పెద్దాయన పేరు ఏమిటండీ, ఉత్తరం రాద్దామనుకుంటున్నాను అన్నారు. కాసేపు నమిలి, నీళ్ళ ట్యాంకర్ యాదయ్య సార్ అన్నాను. అవతల ఫోన్ టక్కున బల్ల మీద పెట్టిన చప్పుడైంది. కోపం వచ్చిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ పుస్తకం మింగిన మనిషి నవ్వు ఆపుకోలేక ఫోన్ పక్కన పెట్టారట. ఆ తర్వాత మా స్నేహం గట్టిపడింది. ఆయన్ను తిట్టిన చోట్లన్నిటికీ పోయి పొగిడి రావడానికి నాకు చాలా కాలం పట్టింది.

మమత మళ్ళీ రెండేళ్ళు ఆ కప్పు ఎవరికీ ఇవ్వలేదు. బోర్డు మీద 'రాష్ట్ర ఛాంపియన్' అని ఆమె పేరు రాయించాను. ఆ తర్వాత రాష్ట్రమే రెండయింది. పెయింటర్ వచ్చి, ఏ రాష్ట్రం అని రాయాలె సార్ అని అడిగాడు. రెండిటికీ అని రాయమన్నాను.

తాళాలు

2014లో నా మోకాళ్ళు ఇక చాలన్నాయి. క్లాసు మమతకు అప్పగించాను. ఇంటర్ అయిపోయి బ్లాక్ బెల్టు కట్టుకుని నిలబడింది. నాలాగా అరవదు, చేతి సైగతోనే నడిపిస్తుంది. మా పద్ధతి అది, మరిచిపోకండి. యాదయ్య ట్యాంకర్ బయట ఆపి, పిల్లలందరికీ బూందీ ప్యాకెట్లు పంచాడు.

తాళాలు ఇచ్చేముందు ఒక్క ఆట ఆడదాం అన్నాను. జాతీయ వెండి పతక విజేత ఊరికే పోతే ఏం బాగుంటుంది? పిల్లలు చుట్టూ కూర్చున్నారు. మోకాళ్ళు వద్దంటున్నా ఒక కిక్ విసిరాను. మమత పాపం ముసలాయన కదా అని తప్పుకోలేదనుకుంటాను. కాలు ఆమె మోకాలికి తగిలింది.

నా చెయ్యి నన్ను అడగలేదు. వంగాను, ఆమె మోచేతిని తాకాను, వేళ్ళు కళ్ళకద్దుకున్నాను. కళ్ళు మూసుకుని మరీ అద్దుకున్నాను.

తెరిచి చూస్తే నా ముక్కుకు బియ్యపుగింజంత దూరంలో ఆమె పిడికిలి ఆగి ఉంది.

"చూపు రోడ్డు మీద సార్," అంది మమత.